ధాత కరువు – కాలువ పని – కలరా

మన తీరప్రాంతపు సంఘముల చరిత్ర చెప్పునపుడు 1878 జూలై 3వ తేదీని ఎవరును మరువరు. ఒంగోలుకు ఉత్తరమున, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఆ ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొరగారు అమెరికన్ బాప్తిస్టు మిషను వారు, మన డయాసిసు వారు కారు. అయినను ఆ దినమును తెలుగు క్రైస్తవులమందరము మనదిగానే ఎంచుకొనుచున్నాము. దానికి ముందు జరిగిన కాలువ పనిని గూర్చి మాత్రము మనము తక్కువగా మాటలాడుదుము.

1876లో వానలు తప్పి ధాత కరువు వచ్చెను. దొరతనము వారు ఊరక అన్నము పెట్టుటకంటె పని చూపి కూలి ఇచ్చుట మేలని తలంచిరి. మద్రాసు నుండి ఉత్తరముగా 1806లోనే మొదలైన ఉప్పునీటి కాలువను పెద్దగంజాము వరకు సాగించు పని అట్టిదే. వేలమంది పారలు, తట్టలు పట్టుకొని సముద్రతీరపు ఇసుక నేలలకు చేరిరి.

ఆ కూలి ఎంత? 1877 జనవరిలో వైస్రాయి పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొరగారు, పురుషునికి రోజునకు ఒక పౌను ధాన్యపు ఖరీదును, పైన ఒక అణాయును చాలునని నిర్ణయించిరి. స్త్రీలకు, పిల్లలకు ఇంకను తక్కువ. మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ గారు దీనిని గట్టిగా ఎదిరించిరి. మట్టి మోయువానికి కనీసము ఒకటిన్నర పౌను ధాన్యమును, దానితోపాటు కూరయు పప్పును కావలెనని వారి వాదము. కొన్ని నెలలకు దొరతనము వారు కూలి పెంచిరి గాని ఆ లోపుననే చాలమంది కృశించిపోయిరి.

ఈ లెక్క కేవలము ఆకలి లెక్క కాదు. కలరా క్రిమి మురికినీటిలో వచ్చును. ఆరోగ్యవంతుని కడుపులోని ఆమ్లము ఆ క్రిములను చాలవరకు చంపును. తిండిలేక చిక్కినవానిలో ఆ ఆమ్లము తగ్గిపోవును. చెరువులెండి, చెలమలలో అడుగంటిన నీటినే అందరును ముంచుకొను చోట వేలమందిని ఒకచోట కూర్చిన ఏమగును? కూలికొరకు ఊరూరినుండి వచ్చినవారు వ్యాధిని తెచ్చిరి, భయపడి పారిపోయినవారు దానిని ఇండ్లకు మోసికొనిపోయిరి. 1877లో మద్రాసు రాజధానిలో లెక్కకెక్కిన కలరా మరణములే మూడున్నర లక్షలకు పైబడినవి. లెక్కకెక్కనివారు ఎందరో! వాంతిభేది నీటివలన వచ్చునని లండనులో జాన్ స్నో గారు 1854 నాటికే చూపిరి. అయినను కలకత్తాలోని పెద్ద అధికారులు దానిని నమ్మక గాలిని, నేలను నిందించుచుండిరి. కాక్ గారు కలకత్తాలో క్రిమిని రూఢిచేసినది 1884లో.

ఈ స్థితిలో క్లౌ దొరగారు మూడు మైళ్ళకు పైగా కాలువ త్రవ్వించు కంట్రాక్టు తీసికొనిరి. వారు పూర్వము అమెరికాలో సర్వే పని చేసినవారు గనుక మట్టిపని వారికి క్రొత్త కాదు. ఇతర పనిస్థలములలో మాదిగ కూలీలను మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలిలో కోత పెట్టుచుండిరి. దొరగారు తమ బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. కూలి చేతికి పూర్తిగా అందెను. విశ్రాంతి వేళ వాక్యము చెప్పిరి. అయితే కలరా ఏ పనిస్థలమును విడువలేదు; మంచి మేస్త్రీ ఉన్నంత మాత్రమున నీరు శుభ్రము కాదు గదా. అన్నము కొరకు మతము మారిరను మాట రాకూడదని కరువు కాలములో సుమారు పదిహేను నెలలు వారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. ఆ నిర్ణయమును మనము మెచ్చుకొందుము. కాని ఆ పదిహేను నెలలలో, అడిగియు పొందక గట్టుమీదనే కన్నుమూసినవారిని కూడ తలంచుకొనవలెనని మా మనవి. వెల్లంపల్లిలో మూడు దినములకు 3,536 మంది అని మనము లెక్క చెప్పుదుము; వీరికి అట్టి లెక్క లేదు.

కాలువకు 1878లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టిరి. కృష్ణా డెల్టా ధాన్యము పడవలలో మద్రాసుకు పోసాగెను. కరువు కమీషను విచారణ పిమ్మట 1883లో వచ్చిన కరువు నిబంధనలలో పనిస్థలపు త్రాగునీటికి కాపుదల, రోగులకు వైద్యము ఉండవలెనని చేర్చిరి.