రోబో పోటీల్లో చేబదులు

జట్లు విడిభాగాలు ఇచ్చిపుచ్చుకునే అమెరికా హైస్కూలు రోబో పోటీలకు మూలం ఎంఐటీలోని ఒక తరగతి గది. 1970లలో అక్కడ ఊడీ ఫ్లవర్స్ నడిపిన 2.70 అనే డిజైన్ కోర్సులో విద్యార్థులందరికీ ఒకే రకం సామాన్లు ఇచ్చేవారు. ఆ సామాన్లతోనే యంత్రం తయారుచేసి తోటివాళ్ల యంత్రంతో తలపడాలి. డీన్ కామెన్ 1989లో ఫస్ట్ అనే సంస్థను స్థాపించాక, ఫ్లవర్స్ తోడ్పాటుతో ఆ తరగతి పద్ధతే బడుల పోటీగా మారింది. 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో, ఒక హైస్కూలు జిమ్‌లో మొదటి పోటీ జరిగింది. వచ్చినవి 28 జట్లు. ఇప్పుడు ఆ పోటీలో జట్లు 3,000 దాటాయి.

తొలి ఏళ్లలో ప్రతి జట్టుకూ ఒకే రకం సామాన్ల పెట్టె వచ్చేది. పైన ఇంకేమైనా కావాలంటే స్మాల్ పార్ట్స్ అనే ఒక్క కంపెనీ కేటలాగ్ నుంచి, నిర్ణయించిన మొత్తం మించకుండా కొనుక్కోవాలి. రోబో తయారీకి గడువు ఆరు వారాలు. పోటీ రోజున మోటారు కాలిపోతే కొత్తది తెప్పించే వ్యవధి ఉండదు. కాబట్టి పక్క జట్టు పెట్టెలో చెయ్యి పెట్టక తప్పేది కాదు. ఇంట్లో చక్కెర నిండుకుంటే పక్కింటి నుంచి గిన్నెడు తెచ్చుకునే చేబదులు లాంటిదే ఇది. పిట్లలో, అంటే జట్లు రోబోలు బాగుచేసుకునే చోట, ఫలానా జట్టుకు ఫలానా భాగం కావాలని మైకులో చెప్పడం మామూలైంది. అడిగిన వస్తువును ఒకటికి నాలుగు జట్లు పట్టుకురావడం కూడా మామూలే.

దీన్ని మంచితనమని మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. ‘గ్రేషియస్ ప్రొఫెషనలిజం’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది ఫ్లవర్సే: గట్టిగా పోటీ పడు, కానీ ఎదుటివాణ్ణి గౌరవించు అని దాని సారాంశం. అయితే ఈ నీతికి ఆట నిర్మాణమే అండ. 1999 నుంచి జట్లు కూటములుగా ఆడుతున్నాయి, 2005 నుంచి ఒక్కో కూటమికి మూడేసి జట్లు. ఉదయం ప్రత్యర్థిగా ఉన్న జట్టే మధ్యాహ్నం భాగస్వామి కావచ్చు. దాని రోబో కదలకపోతే నష్టం ఇద్దరికీ. అప్పిచ్చిన గేర్‌బాక్స్ తన పాయింట్ల కోసం కూడా తిరుగుతుందని ఇచ్చేవాడికి తెలుసు.

జట్లు ఇలా ఇచ్చిపుచ్చుకున్నా, సరఫరాదారు నచ్చకపోతే కొనడం మానుకోవడమనే మాటకు తొలి ఏళ్లలో అర్థమే లేదు. రోబోను నడిపే కంట్రోల్ వ్యవస్థ 2000 నుంచి 2008 వరకు ఇన్నోవేషన్ ఫస్ట్ అనే టెక్సస్ కంపెనీది, 2009 నుంచి నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది. అది తప్ప వేరేది పెట్టుకోవడానికి నియమాలు ఒప్పుకునేవి కావు. మరలు, చక్రాలు, గేర్‌బాక్సుల విషయంలో మాత్రం తలుపులు నెమ్మదిగా తెరుచుకున్నాయి. ఇండియానాలోని కొకోమోలో ఒక జట్టుకు మార్గదర్శకులుగా ఉన్న ఇద్దరు ఇంజినీర్లు, ఆండీ బేకర్, మార్క్ కూర్స్, 2004లో ఆండీమార్క్ పెట్టారు. 2014లో టెక్సస్‌లో రెవ్ రోబోటిక్స్ వచ్చింది. ఇలా పోటీల్లో పనిచేసిన మనుషులే పోటీలకు దుకాణదారులయ్యారు.

ఫస్ట్ సంస్థే నడిపే చిన్న రోబోల పోటీలో జరిగిన మార్పు మరీ గట్టిది. 2005లో ఇన్నోవేషన్ ఫస్ట్ వారి వెక్స్ సామాన్లతో మొదలైన ఆ పోటీ 2008లో పిట్స్‌కో వారి టెట్రిక్స్ లోహభాగాలకూ లెగో కంట్రోలర్‌కూ మారిపోయింది. వెక్స్ తన పోటీని విడిగా నడుపుకుంది. దాంతో బడుల బీరువాల్లో మిగిలిన పాత లోహం ఒక పోటీలో పనికొచ్చి, మరొక పోటీలో పనికిరానిదైంది. అలాంటి సరుకు చేతులు మారడం సహజమే.

నాలుగైదు దుకాణాలు ఏర్పడ్డాకే ఒకదాని దగ్గర కొనడం మానేయడం సాధ్యమైంది. మానేసిన జట్లకు సామాన్ల మార్పిడి మొదటి ఆసరా: తమ దగ్గర మిగిలినవీ ఇతరుల దగ్గర మిగిలినవీ కలిపి లెక్క రాసుకుంటే, కొత్తగా డబ్బు పెట్టకుండానే ఒక సీజను గడవచ్చు. చిక్కంతా కొలతల్లో ఉంది. పెద్ద రోబోల్లో అర అంగుళం ఆరుపలకల షాఫ్టు దాదాపు అన్ని దుకాణాలదీ ఒకటే కాబట్టి చక్రాలు, బేరింగులు సులువుగా మారతాయి. చిన్న రోబోల్లో అలా కాదు. రెవ్ చట్రం 15 మిల్లీమీటర్లది, గోబిల్డా అనే మరో కంపెనీ భాగాల్లో రంధ్రాల వరుస 8 మిల్లీమీటర్లది. అవి రెండూ కలవాలంటే మధ్యలో అతుకు ప్లేటు కావాలి. బ్రష్‌లెస్ మోటార్లు ఇంకా మొండివి. రెవ్ వారి నియో మోటారును సాధారణ బ్రష్ మోటార్ల కంట్రోలరు తిప్పలేదు. 2020 సీజనుకు వచ్చిన ఫాల్కన్ 500లోనైతే కంట్రోలరు మోటారు లోపలే ఉంటుంది. పాత మోటారును మార్పిడిలో తెచ్చుకున్నా, దాని ఫర్మ్‌వేర్ కోసం తయారుచేసిన కంపెనీ గడప తొక్కాల్సిందే. కొనడం ఆపినంత మాత్రాన ఆధారపడటం ఆగదు.

నియమాలు కూడా అడ్డు తగులుతాయి. బజారులో దొరికినట్టే మార్పు చేయకుండా ఉన్న పాత భాగాన్ని మళ్లీ వాడుకోవచ్చు. నిరుడు కోసి, వెల్డింగ్ చేసి తయారుచేసుకున్న చేతిని మాత్రం చాలా ఏళ్లపాటు ఈ ఏటి రోబోకు బిగించనిచ్చేవారు కాదు. ఉచితంగా వచ్చిన వస్తువుకు కూడా ఖర్చుల పట్టికలో మార్కెట్ ధర వేయాల్సి వచ్చేది. అందువల్ల మార్పిడిలో ఒక్కో భాగం ఎప్పుడు కొన్నది, ఎంత వాడినది, ఎవరిది అన్నది చీటీ రాసి అంటించకపోతే, పోటీ రోజు తనిఖీ బల్ల దగ్గర ఇచ్చిన జట్టుకూ పుచ్చుకున్న జట్టుకూ తలనొప్పే అయ్యేది.

2021, 2022లలో ప్రపంచమంతా చిప్పుల కొరత వచ్చినప్పుడు మోటార్లు, కంట్రోలర్లు దొరకడం కష్టమైంది. అప్పుడు కొనకపోవడం ఎవరూ ఎంచుకున్నది కాదు, అయినా ఉన్నవాటితో గడుపుకునే ఆ లెక్కే జట్లకు ఎదురైంది. పెద్ద రోబోల పోటీలో ఈ లెక్కలేవీ తాకని వస్తువు ఒకటుంది. 12 వోల్టుల సీసపు బ్యాటరీ, దాని 50 ఆంపియర్ల కనెక్టరు అన్ని జట్లకూ ఒకటే కాబట్టి, ఎవరి బ్యాటరీతోనైనా ఎవరి రోబో అయినా నడుస్తుంది.