మార్కుల కోసం సంస్కృతం

ఇండియన్ సివిల్ సర్వీస్ తొలి పోటీ పరీక్ష 1855లో లండన్‌లో జరిగింది. గ్రీకు, లాటిన్‌లకు చెరో 750 మార్కులు. సంస్కృతం, అరబిక్‌లకు చెరో 375. సగమైతేనేం, మార్కులు మార్కులే!

డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ఈ లెక్క చప్పున పట్టేసింది. ముందు అరబిక్, ఆ వెంటనే సంస్కృతం పీఠాలు వెలిశాయి. 1861లో అక్కడ చేరిన అవధ్‌వాసి మీర్ ఔలాద్ అలీ అరబిక్, పారసీ, హిందుస్తానీ చెప్పేవారు. 1898లో కన్నుమూసేదాకా ఆయన అక్కడే ఉన్నారు. మన దేశాన్ని ఏలబోయే ఐరిష్ కుర్రాళ్లకు మనవాడే పంతులు!

చాలామందికి ఈ చదువు ఉద్యోగం మేరకే. జార్జ్ గ్రియర్సన్ దారి వేరు. లెక్కలు చదవడానికి వచ్చిన ఈ డబ్లిన్ కుర్రాడు రాబర్ట్ అట్కిన్సన్ దగ్గర సంస్కృతం, అలీ దగ్గర హిందుస్తానీ నేర్చి, 1873లో బెంగాల్‌లో కొలువులో చేరాడు. తర్వాత భారతీయ భాషల సర్వే నడిపాడు. ఊరూరా బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథనే స్థానిక మాటల్లో చెప్పించి రాయించారు. మద్రాసు, హైదరాబాదులను సర్వే వదిలేసింది. అయినా 1906 నాటి నాలుగో సంపుటిలో తెలుగు ఉంది. ఆ రెండింటికీ బయట ఉన్న కామాఠీలు, వడ్డెరల పలుకుబడితో సహా.