వకాలా

దోహాలో సనాయా అని పిలిచే ఇండస్ట్రియల్ ఏరియాలో స్పేర్ పార్టుల షాపుకెళ్లి ఆయిల్ ఫిల్టర్ అడిగితే, కౌంటర్ దగ్గర వినిపించే ప్రశ్న: "వకాలా? తిజారీ?" వకాలా అంటే కారు కంపెనీ ఏజెన్సీ సరుకు. తిజారీ అంటే బయటి మార్కెట్ సరుకు. మనవాళ్లూ "వకాలాదే వెయ్యన్నా" అనేస్తారు.

నిజానికి ఈ మాట మనకు చుట్టమే. నమ్మి పని అప్పగించడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచే వకీల్, వకాలత్ పుట్టాయి. ఫారసీ, ఉర్దూల మీదుగా మన కోర్టు మెట్లెక్కి వకీలు, వకాల్తా అయ్యాయి. గల్ఫ్‌లో అదే మాట కార్ల షోరూమ్‌కు పేరైంది.

తిజారీ అంతా నాసిరకం అనుకోవడం పొరపాటు. కారు కంపెనీకి పార్టులు సరఫరా చేసే తయారీదారే కొన్నిటిని సొంత పెట్టెలో పెట్టి తక్కువ ధరకు అమ్ముతాడు. ఆయిల్ ఫిల్టర్ విషయంలో మాత్రం లోపలి రబ్బరు వాల్వును వేలితో నొక్కి చూడాల్సిందే. మెత్తగా ఉండాలి. చవక రబ్బరు ఇంజన్ వేడికి గట్టిపడితే, బండి ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి జారిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే, ఆయిల్ పైకి చేరేదాకా ఇంజన్ గడగడలాడుతుంది.