నేపర్‌విల్ వేసవి ఉత్సవాలు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకు పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేపర్‌విల్ నగరంలో ఏటా మే చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా జరిగే కవాతులు, బ్యాండు కచేరీలు, తిండి సంబరాలు, కళా ప్రదర్శనలు, వీధి విందులు ఈ వ్యాస విషయం. వీటిలో ఏ ఒక్కటీ దైవకార్యం కాదు, వంశపారంపర్యంగా ఒకరికి దక్కిన బాధ్యతా కాదు. దాదాపు అన్నిటినీ పౌర సంఘాలు, క్లబ్బులు నడుపుతాయి. ఈ ఉత్సవాలు ఎందుకు పెరిగాయో, కొన్ని ఎందుకు ఆగిపోయాయో తెలియాలంటే ముందు ఆ క్లబ్బుల సంగతి తెలియాలి.

ఊరు, కాలం

నేపర్‌విల్ 1831లో మొదలైంది. నౌకలు కట్టి నడిపిన జోసెఫ్ నేపర్ డుపేజ్ నది పడమటి పాయ ఒడ్డున కొన్ని కుటుంబాలతో స్థిరపడ్డాడు. చాలాకాలం అది రాతి గనులు, సోఫాలు చేసే క్రోలర్ ఫర్నిచర్ ఫ్యాక్టరీ ఉన్న చిన్న పట్టణమే. 1960 నాటికి జనాభా 13 వేలు కూడా దాటలేదు. 1960ల్లో టెలిఫోన్ రంగ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ ఇక్కడ పెద్ద కేంద్రం తెరిచింది. వెనకనే మరికొన్ని సంస్థల పరిశోధనశాలలు హైవే వెంట వెలిశాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. 2020 జనగణనలో జనాభా 1,49,540. అంటే ఊళ్ళో చాలామంది ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే. వాళ్ళకు ఇరుగుపొరుగుతో చుట్టరికం గానీ, తాతల నాటి పరిచయం గానీ లేవు.

ఇక్కడి వేసవి తెలుగునాట వేసవి లాంటిది కాదు. మనకు ఎండాకాలం తప్పించుకోవలసిన కాలం, వాళ్ళకు ఆరుబయట గడపడానికి దొరికే కాలం. శీతాకాలంలో నెలల తరబడి నేల మంచుతో గడ్డకట్టి ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగటి వేడి సాధారణంగా 30 డిగ్రీల లోపే. జూన్ నెలాఖరున సూర్యుడు అస్తమించేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. బడులకు సెలవులు. పంచాంగం ఏమన్నా, జనం లెక్కలో వేసవి మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డేతో మొదలై, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డేతో ముగుస్తుంది. మొదటిది యుద్ధాల్లో చనిపోయిన సైనికుల స్మారక దినం. ఆ రోజు మాజీ సైనికుల సంఘాలు కవాతు జరుపుతాయి. ఉత్సవాల కాలానికి తెర తీసేది ఆ గంభీరమైన కవాతే.

బ్యాండు, నదీతీరం

ఉత్సవాలన్నిటిలో పాతది, నా దృష్టిలో విలువైనది, నేపర్‌విల్ మునిసిపల్ బ్యాండు. 1859లో, అంటే అమెరికా అంతర్యుద్ధానికి రెండేళ్ళ ముందు పుట్టింది. వేసవిలో గురువారం సాయంత్రాలు ఊరి నడుమ ఉన్న సెంట్రల్ పార్కులో ఉచితంగా కచేరీ చేస్తుంది. జనం మడత కుర్చీలు, దుప్పట్లు, తినుబండారాల బుట్టలతో ముందుగా వచ్చి పచ్చిక మీద చోటు పట్టుకుంటారు. వాయించేవాళ్ళలో చాలామంది పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. సైనిక కవాతు గీతాలు, నాటకశాలల పాటలు, కొంత శాస్త్రీయ సంగీతం వినిపిస్తారు. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ‘1812’ కూడా ఈ బ్యాండు తరచూ వాయించే స్వరరచన. దీనికి టికెట్టు లేదు, పెద్ద పేర్లు లేవు, వార్తాపత్రికల్లో హంగామా లేదు. అందుకే కాబోలు, ఇన్ని ఉత్సవాలు వచ్చిపోయినా ఇది చెక్కుచెదరలేదు.

చాలా ఉత్సవాలకు వేదిక నది ఒడ్డు. 1871లో షికాగో తగలబడ్డాక దాన్ని తిరిగి కట్టడానికి ఇక్కడి గనుల నుంచి సున్నపురాయి వెళ్ళింది. అలాంటి పాత గనినే ఒకదాన్ని నగర శతజయంతి సందర్భంగా 1931లో ఇసుక తీరంతో ఈతకొలనుగా మార్చి సెంటెన్నియల్ బీచ్ అని పేరు పెట్టారు. వేసవి సెలవుల్లో పిల్లలందరూ తేలేది అక్కడే. ఊరికి 150 ఏళ్ళు నిండిన 1981లో నది వెంట ఇటుకలు పరిచిన నడకదారి రివర్‌వాక్ వచ్చింది. పౌరుల విరాళాలు, శ్రమదానం దానికి ఆధారం. 2000లో దాని పక్కనే మోజర్ టవర్ అనే గోపురం లేచింది. అందులో 72 గంటలున్నాయి. వాటిని కర్రమీటలతో వాయించే కళాకారుల కచేరీలు వేసవి సాయంత్రాల్లో జరుగుతాయి. గంటలు మోగేది ఎత్తున కాబట్టి శ్రోతలు గోపురం కింద కాకుండా కాస్త దూరంగా పచ్చిక మీద కూర్చుంటారు. అక్కడే బాగా వినబడుతుంది.

పాత ఇళ్ళను ఒకచోటికి చేర్చిన ఆరుబయటి మ్యూజియం నేపర్ సెటిల్‌మెంట్‌లో వేసవిలో ‘నేపర్ నైట్స్’ పేరుతో కచేరీలు, నేపర్‌విల్ ఉమన్స్ క్లబ్ కళా ప్రదర్శన జరుగుతాయి. రైలు స్టేషను దగ్గర శనివారం రైతుబజారు ఉంటుంది.

రిబ్‌ఫెస్ట్

మూడు దశాబ్దాలకు పైగా నేపర్‌విల్ పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు గుర్తొచ్చింది రిబ్‌ఫెస్ట్. ఎక్స్‌ఛేంజ్ క్లబ్ అనే సేవా సంఘం దీన్ని 1988లో ప్రారంభించింది. జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం, చుట్టూ ఉన్న నాలుగైదు రోజులు నాక్ పార్కు మైదానం పొగతో నిండిపోయేది. నిప్పుల సెగమీద గంటల తరబడి మగ్గిన పంది పక్కటెముకల మాంసం ప్రధాన ఆకర్షణ. వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చిన వంటవాళ్ళు దుకాణాల మీద ఆకాశాన్నంటే బ్యానర్లు కట్టి, తాము గెలిచిన ట్రోఫీలన్నీ ముందు బల్లల మీద పేర్చేవాళ్ళు. రుచి చూడకముందే ట్రోఫీల ఎత్తు చూసి వరుస కట్టేవాళ్ళు తక్కువేమీ కాదు. రాత్రిళ్ళు దేశవ్యాప్తంగా పేరున్న గాయకుల కచేరీలు, జూలై నాలుగున బాణసంచా. ఇల్లినాయ్‌లో తారాజువ్వలు, టపాకాయల వంటివి మామూలు పౌరులు కాల్చడం చట్టవిరుద్ధం. కాబట్టి ఊరంతా కలిసి చూసే బాణసంచాకు అంత గిరాకీ.

టికెట్లు చించడం, బీరు పోయడం, చెత్త ఎత్తడం లాంటి పనులన్నీ జీతం లేని స్వచ్ఛంద సేవకులే చేసేవాళ్ళు. మిగిలిన సొమ్ము, పిల్లలపై హింసను, గృహహింసను అరికట్టే సంస్థలకు వెళ్ళేది. దేశవ్యాప్త ఎక్స్‌ఛేంజ్ క్లబ్బులు 1979లో పిల్లల రక్షణను తమ ప్రధాన కార్యక్రమంగా ఎంచుకున్నాయి. ఇలా మూడు దశాబ్దాల్లో కోటి డాలర్లకు పైగా పోగైంది. మాంసం తిని, బీరు తాగి, పాటలు విని ఇంటికెళ్ళినవాడికి తాను చందా ఇచ్చిన సంగతే గుర్తుండదు. క్లబ్బు తెలివి అక్కడే ఉంది.

రిబ్‌ఫెస్ట్ ఆగిపోయింది జనం లేక కాదు. నాక్ పార్కును తిరిగి తీర్చిదిద్దాలని పార్క్ డిస్ట్రిక్ట్ తలపెట్టడంతో అంత జనం పట్టే చోటు ఊళ్ళో దొరకలేదు. ఇల్లినాయ్‌లో పార్క్ డిస్ట్రిక్ట్ అంటే నగరపాలక సంస్థలో ఒక శాఖ కాదు. సొంతంగా పన్ను వేసి, సొంత పాలకమండలితో నడిచే వేరే ప్రభుత్వ సంస్థ. నేపర్‌విల్‌లో అది 1966 నుంచి ఉంది. మైదానాల సంగతి అది చూస్తుంది, వీధులూ పోలీసులూ నగరం చేతిలో ఉంటాయి. ఉత్సవం నడిపేవాళ్ళు ఇద్దరినీ ఒప్పించాలి. నేపర్‌విల్‌లో చివరి రిబ్‌ఫెస్ట్ 2019లో జరిగింది. మరుసటి ఏడు దక్షిణాన ఉన్న రోమియోవిల్‌లో జరపాలనుకుంటే కోవిడ్ వచ్చింది. 2022లో వీటన్‌లోని డుపేజ్ కౌంటీ సంత మైదానంలో జరిపారు. ఊరు మారాక పాత ఊపు రాలేదు, తరువాత ఆపేశారు. జూలై నాలుగు బాణసంచా ఖర్చు ఎవరు పెట్టాలన్నది నగరం కొత్తగా తేల్చుకోవలసి వచ్చింది.

డబ్బు దారి

క్లబ్బుల చందాలు, టికెట్లు, బీరు అమ్మకం చాలవు. రోడ్డు మూయాలి, పోలీసులు కాపలా కాయాలి, మర్నాడు వీధులు ఊడవాలి. ఈ ఖర్చుల కోసం నగరం ఒక ఏర్పాటు చేసుకుంది. రెస్టారెంట్లలో అమ్మే తిండి, పానీయాల మీద ఒక శాతం పన్ను వేసి, ఆ రాబడిలో కొంత భాగాన్ని ప్రత్యేక ఉత్సవాలు, సాంస్కృతిక సౌకర్యాల నిధిగా పక్కన పెడుతుంది. సంఘాలు ఏటా దరఖాస్తు పెట్టుకుంటాయి, నగర కౌన్సిల్ పంచుతుంది. ఎవరికి ఎంత అన్న వాదన ప్రతి ఏడూ ఉన్నదే. హోటల్లో మసాలా దోశ తిన్నవాడి డబ్బులో కూడా నాలుగు సెంట్లు ఏ కవాతుకో పోవచ్చునన్నమాట.

చివరి వారం, వీధి విందులు

లేబర్ డే వారాంతంలో జేసీలనే యువజన సేవా సంఘం నడిపే ‘లాస్ట్ ఫ్లింగ్’ ఉత్సవం 1960ల నుంచి ఉంది. నది ఒడ్డున కచేరీలు, పిల్లల ఆటలు, సోమవారం కవాతు దాని అంగాలు. పొరుగున ఉన్న లైల్ పట్టణంలో చాలా ఏళ్ళు వేడిగాలి బుడగల ఉత్సవం జరిగింది. ఇవన్నీ పెద్ద సందళ్ళు. వీటికంటే చిన్నవి వీధి విందులు. నగరం అనుమతితో ఒక వీధిని రెండు చివరలా మూసి, అక్కడి ఇళ్ళవాళ్ళు తలా ఒక వంటకం తెచ్చి రోడ్డు మీదే భోంచేస్తారు. పక్కింటివాళ్ళ పేరు తెలుసుకోవడానికి ఏడాదిలో చాలామందికి దొరికే సందర్భం ఇదొక్కటే.

భారతీయులు, తెలుగువారు

నేపర్‌విల్ జనాభాలో ఐదో వంతుకు పైగా ఆసియా మూలాలవారు. వారిలో భారతీయులు పెద్ద వర్గం. పరిశోధనశాలలకు వచ్చిన ఇంజినీర్లతో ఈ వలస మొదలై, సాఫ్ట్‌వేర్ కాలంలో బాగా పెరిగింది. పక్కనే ఆరోరాలో 1986 జూన్‌లో కుంభాభిషేకం జరిగిన వేంకటేశ్వరస్వామి ఆలయం ఈ ప్రాంతపు తెలుగువారిని ఒకచోట చేర్చింది. ఊళ్ళో 2015 నుంచి ఆగస్టులో ఇండియా డే జరుగుతోంది. భారతీయ సమాజ సంస్థ నడిపే ఈ ఉత్సవంలో రాష్ట్రాల వారీగా శకటాలు, నృత్యాలు, సాయంత్రం హిందీ సినిమా గాయకుల కచేరీ ఉంటాయి. దీని అచ్చు పూర్తిగా లేబర్ డే కవాతుదే: అవే రోడ్డు మూతలు, అవే మడత కుర్చీలు, అదే స్వచ్ఛంద సేవ.

తెలుగు సంఘాలు తమ వనభోజనాలను కార్తికం నుంచి వేసవికి మార్చుకున్నాయి. కార్తికమాసంలో ఇల్లినాయ్‌లో చెట్లు ఆకులు రాల్చేసి ఉంటాయి, చలికి చేతులు కొంకర్లు పోతాయి. కాబట్టి జూన్ నుంచి ఆగస్టు మధ్య ఒక ఆదివారం పార్కులో షెడ్డు అద్దెకు తీసుకుని, పులిహోర, బిర్యానీ, మొక్కజొన్న కంకులతో పని కానిస్తారు. ఉసిరిచెట్టు అక్కడ ఉండదు. ఓక్ చెట్టు నీడతో సరిపెట్టుకుంటారు. షెడ్డు మాత్రం ముందుగానే పార్క్ డిస్ట్రిక్ట్ దగ్గర రాయించుకోవాలి. మంచి వారాంతాలకు పోటీ ఎక్కువ.