చేతి మైకు

సభ యున్నచోట దానిని నడుపువా డొకడుండక తప్పదు. ఎవరు ముందు పలుకవలెనో, ఎవరెంతసేపు పలుకవలెనో, ఏ మాటకు బదులు రావలెనో నిర్ణయించు నధికార మెవనికి గలదో, వాడు తన యభిప్రాయ మొక్కటియు వెల్లడింపకున్నను చర్చ యంతయు వాని యధీనమందే యుండును. టెలివిజను చర్చలలో నీ యధికార మెట్లు రూపొందెనో తెలిసికొనుటకు బ్రిటనులోను అమెరికాలోను వెలసిన రెండు సంప్రదాయములను పరిశీలించిన జాలును.

మొదటిది అధ్యక్షపీఠ సంప్రదాయము. 1948 అక్టోబరులో బి.బి.సి. రేడియోయందు ఆరంభమైన ‘ఎనీ క్వశ్చన్స్?’ కార్యక్రమమున, సభామందిరములలో గూడిన పౌరులు ప్రశ్నలడుగగా, నాయకులును రచయితలును సమాధానము చెప్పుచుండిరి. పార్లమెంటులో పదునాలుగు దినములలోపల చర్చకు రానున్న విషయమును ప్రసారములలో వాదింపరాదను నిబంధన 1956 చివరిదాక నుండుటచే, ఏ ప్రశ్నను సభకు దేవలెనను విచక్షణ కేవలము నిర్వాహకుల యభిరుచికే విడువబడలేదు. ఆ యచ్చులోనే 1979లో టెలివిజనున ‘క్వశ్చన్ టైమ్’ వెలసెను. మంత్రులను నిలదీయుటలో నదివరకే పేరొందిన రాబిన్ డే, బౌ టై ధరించి నడుమ నాసీనుడై, సుమారు పదేండ్లు దానిని నడిపెను.

రెండవ సంప్రదాయము యాదృచ్ఛికముగా బుట్టినది. 1967 నవంబరు 6న ఒహైయో రాష్ట్రములోని డేటన్ నగరమున ఫిల్ డోనహ్యూ తన కార్యక్రమమును మొదలిడెను. తొలి యతిథి, ప్రభుత్వ పాఠశాలలలో బైబిలుపఠనము చెల్లదన్న 1963 నాటి సుప్రీంకోర్టు తీర్పునకు దారితీసిన వ్యాజ్యములలో నొకదానిని నడిపిన నాస్తికురాలు మాడలిన్ మర్రే ఓహేర్. అంతకుముందు సాగుచుండిన వినోదకార్యక్రమము నిలిచిపోయినను, దానికై టికెట్లు పొందియున్నవారిని మరలింపలేక స్టూడియోలో గూర్చుండబెట్టిరి. ప్రకటనల విరామమున వారడుగుచున్న ప్రశ్నలు తన ప్రశ్నలకన్న మిన్నగా నున్నవని గ్రహించిన డోనహ్యూ, మైకు చేతబట్టి వారి నడుమకు నడచెను. ఆ కార్యక్రమము 1974లో షికాగోకును, 1985లో న్యూయార్కునకును తరలి, 1996వరకు సాగెను.

ఆ మైకులోనే సంచాలకత్వపు మర్మమంతయు నిమిడియున్నది. సంచాలకుడు దానిని ప్రేక్షకురాలి చేతికీయక, తానే పట్టుకొని యామె నోటికడ నుంచును. మాట దీర్ఘమైనచో చేయి వెనుకకు దీసికొనిన జాలును, గద్దింపు లేకయే వంతు ముగియును. తొలుత బలికినవాడు తన పక్షమును స్థాపింపవలసియుండగా, పిదప బలుకువానికి దానిని ఖండించు సౌలభ్యము గలుగును గావున, అతిథిచేత ముందుగా బలికించి, ఆక్షేపణను ప్రేక్షకులకు విడుచుట సంచాలకుని నేర్పు. తానే యాక్షేపింపదలచినపుడును, ఇంటికడ జూచుచున్న సామాన్యుడు దీని కేమనుననుచు, ఆ మాటను పరుల పేర నడుగును. ఇందువలన నతడు తటస్థుడుగా గనబడుచునే వాదమును తాననుకొన్న దారికి ద్రిప్పగలడు. ఇది కపటమని కొందరు నిందింపవచ్చును. కాని సామాన్యుడు నిజముగానే యెదుట గూర్చుండి, తన పేర బలికిన మాట తనది కాదని చెప్పగలిగినంతకాలము, ఆ కపటమునకు హద్దు గలదు.

నేటి వార్తాచానళ్ల చర్చలలో, తెలుగు చానళ్లతో సహా, ప్రేక్షకపీఠము పలుమా రుండనే యుండదు. వక్తలు తెరమీది గడులలో వేర్వేరుగా నుందురు. ఒకని మాట నాపుటకు సంచాలకుడు చేయి చాపనక్కరలేదు, ధ్వనిని దగ్గించిన జాలును. డోనహ్యూ యతిథి మాటకు అడ్డుపడినపుడు, లేచి నిలిచిన యొక ప్రేక్షకురాలు తన వంతునకై వేచియుండెను. అడ్డుపడు హక్కు ఆమెనుండి యతనికి గలిగిన యెరువు. ఆ హక్కు నేటి సంచాలకునికిని గలదు; ఎరువిచ్చినవారు మాత్ర మా గదిలో లేరు.