‘స్టార్ వార్స్’ తొలిపాఠం: అభిమానుల పరిష్కరణ, ప్రసరణ

1977 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రానికి జార్జ్ లూకాస్ 1997లో కొత్త దృశ్యాలు చేర్చిన తరువాత, సవరించిన పాఠమే అధికారికంగా స్థిరపడింది. 2006 డీవీడీలో తొలిపాఠం అనుబంధంగా వెలువడినా, దానికి ఆధారం 1993 నాటి లేజర్‌డిస్క్ ప్రతి మాత్రమే. ‘హార్మీ’ అనే మారుపేరు గల చెక్ అభిమాని వివిధ ప్రతులను సమన్వయించి ‘డీస్పెషలైజ్డ్ ఎడిషన్’ రూపొందించగా, ‘4కె77’ బృందం నాటి 35 మి.మీ. ప్రింటునే స్కాన్ చేసింది. అయితే పరిష్కరణతోనే పని ముగియలేదు. పదుల గిగాబైట్ల ఫైలును టొరెంట్ ద్వారా దించుకోవడం, ముక్కలుగా వచ్చినవాటిని కలపడం కొత్తవారికి కొరుకుడుపడని పని. అనుభవజ్ఞులు ఓపికగా రాసిన సూచనలే ఆ పాఠాన్ని ప్రేక్షకునికి చేర్చాయి. ఈ లేఖకుల పాత్రను చలనచిత్ర చరిత్ర దాదాపు విస్మరించింది. హక్కులు నిర్మాణసంస్థవే కనుక, అధికారిక ప్రతి కొన్నవారే దించుకోవాలన్న వినతి కూడా ఆ సూచనలలో ఉండేది. తాళపత్ర పరిష్కర్తలకు ఈ చిక్కు లేదు.