కత్తిరించి అతికిన మాటలు

మన సమాసంలో రెండు మాటలు చేరినా దాదాపు నిండుగానే నిలుస్తాయి. పొగమంచులో పొగా ఉంది, మంచూ ఉంది. ఒకదాని తల, ఇంకోదాని తోక కోసి అతికే విద్య ఇంగ్లీషుకే బాగా అచ్చొచ్చింది. స్మోక్, ఫాగ్ కలిపి స్మాగ్ చేసుకున్నారు.

ఈ విద్యకు పేరు పెట్టినవాడు ఇంగ్లీషు రచయిత లూయిస్ కరోల్. 1871లో వచ్చిన ఆయన పుస్తకం ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’లో హంప్టీ డంప్టీ అనే పాత్ర ఇలాంటి మాటను పోర్ట్‌మాంటోతో పోలుస్తాడు. రెండు అరలుగా తెరుచుకునే ప్రయాణపు పెట్టె అది. చకిల్, స్నార్ట్ కలిపి కరోల్ చేసిన చార్టిల్ నేటికీ నిఘంటువుల్లో ఉంది.

పేరు తర్వాత వచ్చింది గానీ పని అంతకుముందే ఉంది. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తన పార్టీకి కలిసొచ్చేలా రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల హద్దులు మార్చిన చట్టంపై సంతకం చేశారు. ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం మెలికలు తిరిగి, బల్లిని పోలిన సాలమాండర్‌లా తేలింది. బోస్టన్ పత్రిక ఒకటి ఆ పటానికే రెక్కలు, గోళ్లు, కోరలు తగిలించి ‘గెర్రీ-మాండర్’ అని అచ్చేసింది. గెర్రీ ఆ ఏడాదే గవర్నర్ పదవి పోగొట్టుకున్నారు. ఆ తర్వాత దేశ ఉపాధ్యక్షుడై 1814లో పదవిలో ఉండగానే కన్నుమూశారు. అయినా జనం నోట మిగిలింది ఎగతాళి పేరే. అదీ జెర్రీమాండర్‌గా మారింది, పాపం.

తర్వాత పత్రికలు, వ్యాపారం ఈ పనిని అందుకున్నాయి. 1895లో గై బెరింజర్ అనే రచయిత శనివారం రాత్రి జాగారం చేసేవాళ్ల పక్షాన వ్యాసం రాసి, బ్రేక్‌ఫాస్ట్, లంచ్ కలిసిన బ్రంచ్‌ని సమర్థించాడు. 1925లో కాలిఫోర్నియాలో కారు ప్రయాణికుల కోసం మోటార్, హోటల్ కలిపి మోటెల్ తెరిచారు. 1964లో టాంగన్యీకా, జాంజిబార్ కలిసి టాంజానియా అనే దేశమే పుట్టింది.

మన గుమ్మంలోకొస్తే, టాలీవుడ్ మొదట మనది కాదు. కలకత్తా టాలీగంజ్ స్టూడియోలను ఉద్దేశించి 1932లోనే వాడిన మాట అది. బెంగాలీలు ఇప్పటికీ వదల్లేదు. తెలుగును ఇంగ్లీషులో రాస్తే మొదట ‘టీ’ అక్షరమే వస్తుందన్న సాకుతో మనం తెచ్చేసుకున్నాం.

సైబరాబాద్ సంగతి వేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఊపందుకున్న ఈ మాటకు 2003లో పోలీస్ కమిషనరేట్ రూపంలో సర్కారు ముద్ర పడింది. ‘ఆబాద్’ చెక్కుచెదరలేదు కనుక చెవికి అచ్చంగా ఊరిపేరే. అరువు టాలీవుడ్ కన్నా ఇదే మంచి పనితనం.